చాటింపు పడేలోపల

మంగళవారం, సాయంత్రం నాలుగున్నర. తిరుపతికి పోయే బస్సు మా ఊరి దగ్గర ఆగాల్సిన సమయం. వైశాఖ మాసం, తారు కరిగి కాళ్లకు అంటుకునే ఎండ. మా ఊళ్లో గడియారం ఉన్న ఇల్లు లేదు, కానీ ఆ బస్సు టైము నడక రాని పిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు బస్సు టైముకు రాలేదు. వచ్చి ఉంటే నేను ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల నా కొడుకూ కోడలూ ప్లాటు చూపిస్తామని నన్ను కారులో ఎక్కించుకుపోయారు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారి. దారి పొడుగునా నా కొడుకు ఒకటే మాట. "ఊరు కాదు, పట్నం కాదమ్మా. రెండింటికీ నడుమ. గాలి ఊరిది, సౌకర్యం పట్నానిది." ఆ మాట వాడిది కాదు. అమ్మేవాళ్లు ఇచ్చిన రంగు కాగితం మీద ఉంది. నేను యాభై దాటినాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దినదాన్ని. అందుకని ఎక్కడ అక్షరం కనబడినా చదవకుండా వదలను. మందుసీసా మీద ఉన్నా చదువుతాను, లారీ వెనక ఉన్నా చదువుతాను.

పెద్ద కమాను, జెండాలు, పసుపు రంగు పూసిన హద్దురాళ్లు. చెట్టన్నది లేదు. దిగి చుట్టూ చూశాను. ఎదురుగా పెద్ద రోడ్డు. ఆ చివరి నుంచి ఈ చివరికి మేక దాటాలంటే కూడా సందు లేకుండా నడుమ ఇనుప కమ్మీలు. ఆ కమ్మీలకు అవతల ఒక గుట్ట. గుట్ట మీద పడిపోతున్నట్టుండి ఏనాడూ పడని గుండురాయి.

"ఇది మా ఊరు గదరా," అన్నాను.

"మీ ఊరు అవతల పక్క. ఇది ఇవతల పక్క. దీనికి వేరే పేరు పెట్టినారు," అన్నాడు కొడుకు.

"ఎట్లా ఉందత్తా? నచ్చిందా?" అని కోడలు అడిగింది.

"నిలబడడానికి బాగుంది. నిద్ర సంగతి తెలీదు," అన్నాను. నేనేదో హాస్యానికి అన్నానని ఇద్దరూ నవ్వారు. నేను హాస్యానికి అనలేదు. నా చిన్నప్పుడు మా అమ్మ రేకుపెట్టె పక్కన పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని నిలబడింది సరిగ్గా అక్కడే.

ఊరు మంచిదా, పట్నం మంచిదా అని నన్ను చాలామంది అడుగుతారు. ముసలిదాన్ని కదా, ఊరే మంచిదని చెప్తానని వాళ్ల ఆశ. ఊరు మంచిదని చెప్పేవాళ్లు ఫ్యాను కింద కూర్చుని చెప్తారు. పట్నం మంచిదని చెప్పేవాళ్లకు పక్కింట్లో చచ్చిందెవరో తెలీదు. రెండూ అనుభవించినదాన్ని నేను. తిరుపతిలో తెల్లవారుజామున మెలకువ వస్తే వాకిలి ఊడ్వాలని చెయ్యి జిలపెడుతుంది, వాకిలి ఉండదు. ఊళ్లో నాలుగు రోజులుంటే మసక పడగానే వీధి దీపాల కోసం మెడ తిరుగుతుంది, దీపాలు ఉండవు. యాడా కుదురు లేదు నాకు. ఈ కుదురు లేకపోవడం ఆ మంగళవారం పట్టుకున్నదే.

మా దిక్కు గంగమ్మ జాతరకు ముందు చాటింపు వేస్తారు. అది వినని పిల్లల కోసం చెప్తున్నాను. చాటింపు తాత పలక, అంటే తోలు డప్పు, మెడకు తగిలించుకుని అమ్మవారి రాయి దగ్గర మొదలుపెట్టి ఊరి పొలిమేర అంతా చుట్టి వస్తాడు. ఆ పలక మోగినాక ఊళ్లో ఉన్నవాళ్లు జాతర అయిందాకా పొలిమేర బయట నిద్ర చెయ్యకూడదు. బయట ఉన్నవాళ్లు లోపలికి వచ్చి నిద్ర చెయ్యకూడదు. పగలు ఎక్కడికైనా పోవచ్చు, ఏ పనైనా చూసుకోవచ్చు. తల వాల్చేది మాత్రం, పలక మోగినప్పుడు నువ్వు ఏ పక్కన ఉన్నావో ఆ పక్కనే. తప్పితే ఊరికి చెరుపు. ఇంట్లో కొట్టుకున్నవాళ్లు కూడా దీన్ని తప్పేవాళ్లు కాదు. మా పొలిమేరకు మూడు వైపులా పొలాలు, గుట్ట. నాలుగో వైపు, ఉత్తరాన, తిరుపతి–చిత్తూరు తారు రోడ్డు. రోడ్డుకు దక్షిణం ఊరు. ఉత్తరం ఊరు కాదు.

ఆ ఏడు జాతరకు ముందు రోజుల వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మామిడికాయలు బండ్లకెత్తే కాలం. కాయల జీడి సొన కారి చేతులు మండేవి, మూతుల చుట్టూ పుండ్లు. ఇళ్లకు సున్నం వేసిన తడి వాసన. అంబలికి రాగిపిండి నానబెట్టిన కుండల పులుపు. గుమ్మాలకు కట్టిన వేపమండలు ఎండి గాలికి గలగలమనేవి. రెండు రోజుల ముందు మేము పిల్లలం కిరసనాయిలు డబ్బా తీసుకుని గడ్డివాము వెనక చేరి, అచ్చం చాటింపు దెబ్బ కొట్టాము. తోట బావి కాడ తలకు పోసుకుంటున్న ఒక ముసలాయన, పొలిమేర అవతల చిక్కుకుపోతానేమోనని, నెత్తిన సీకాయ నురగతోనే ఊళ్లోకి ఉరికొచ్చాడు. విషయం తెలిసినాక కళ్లు మంటలెత్తి మమ్మల్ని తిట్టలేక, ఎదురుగా ఉన్న గేదెను తిట్టాడు.

మా ఇంట్లో ఉండింది ముగ్గురం. అమ్మ, నేను, అవ్వ. అవ్వంటే మా నాయన తల్లి. నాయన తిరుపతిలో స్టేషను దగ్గర ఒక హోటల్లో పిండి రుబ్బేవాడు. పెద్ద రోలు, మనిషి తొడంత లావు పొత్రం. పొద్దున మూడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం దాకా తిప్పడమే. పడక హోటలు వెనక గోనెసంచుల మీద పలచటి పరుపు వేసుకుని. ఎప్పుడో ఒకసారి ఊరికొచ్చేవాడు. ఆయన వస్తే ఇల్లంతా పులిసిన పిండి వాసన. కాగితంలో బూందీ పొడి తెచ్చేవాడు. నేను కాగితం కూడా నాకేదాన్ని.

అమ్మకు తిరుపతి కావాలి. ఇది ఆ వేసవిలో పుట్టిన కోరిక కాదు. కానీ ఆ వేసవిలో ఆమె కాలు ఒక చోట నిలవలేదు. కూర్చుంటే లేచేది, లేస్తే గడప దాకా పోయి రోడ్డు వైపు చూసేది, మళ్లీ వచ్చి కూర్చునేది. అమ్మ చెల్లెలు, మా పిన్నమ్మ, తిరుపతిలో పూలు కట్టి బతికేది. వాళ్ల వరస ఇళ్లలో పక్క గది ఖాళీ అయింది. బుధవారం పొద్దుటికి వచ్చి పాలు పొంగించి, ఆ రాత్రే అక్కడ నిద్ర చేస్తే గది అమ్మది. రాకపోతే ఇంకొకరు కాచుకుని ఉన్నారు. మంగళవారం సాయంత్రం చాటింపు. చాటింపు లోపల ఊరు దాటకపోతే వారం దాకా బయట నిద్ర చెయ్యకూడదు. వారం ఆగితే గది పోతుంది. సంగతి ఇంతే.

నాయనకు ఆమె చెప్పలేదు. "సెప్తే వద్దంటాడు. పోయి ఎదురుగా నిలబడితే ఏమంటాడు?" అని నాతో అంది. అవ్వకు మాత్రం చెప్పింది.

ఆ పొద్దున అవ్వ చేటలో రాగులు పోసి ఏరుతోంది.

"ఈ పొద్దు పోతా ఉండా అత్తా."

"పో. నిన్నెవురు పట్టుకున్యారు?" అంది అవ్వ తల ఎత్తకుండా. "సాటింపు పడేలోపల పొలిమేర దాటు. పడినాక కాలు తీసినావంటే నీకూ సెరుపు, ఊరికీ సెరుపు."

"దాటుతా."

"అయితే ఈ రాగులు ఇసిరేసి దాటు."

అమ్మ రాగులు తిరగలిలో విసిరింది. అయిపోగానే అవ్వకు గొడ్డు కింద పేడ కనబడింది. పేడ ఎత్తగానే కుండల్లో నీళ్లు లేవని తెలిసింది. అమ్మ బావి దగ్గరికి పోయి వచ్చింది. అవ్వ కొత్త పని వెతుక్కునేదాకా గోడకానుకుని నిలబడింది.

"ఇంగేమి అత్తా?"

"ఆడ ఏముండాదని పోతావు? ఈడ కనకాంబరాలు లేవా? ఈడ దారం లేదా?"

"ఈడ కోసి మూటగట్టి బండికిచ్చేస్తా. ఎవురి తలలో పెట్టుకున్యారో కూడా తెలీదు. ఆడ నేను కట్టిన మూర నా కండ్ల ముందర పోతాది."

"పూలు నీ కండ్ల ముందర పోతే ఏమి, ఎనక పోతే ఏమి? సాయంత్రానికి వాడిపోయేదానికి ఇంత కత."

"అందుకే అత్తా. వాడిపోయేలోపల సూడాల."

అవ్వ చాలాసేపు అమ్మ వైపే చూసింది. చేట పక్కన పెట్టి, "సంగటి దిగినాక తిని పో. ఒట్టి కడుపుతో బస్సెక్కితే వాంతి సేసుకుంటావు," అంది. నేను బస్సెక్కితే వాంతి చేసుకునేదాన్ని కాబట్టి ఆ మాట నాకే అనుకున్నాను.

మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరప, చింతపండు రోట్లో నూరితే వచ్చే ఆ వాసన ముందు ఏ హోటలు చట్నీ నిలవదు. అమ్మ ముద్ద సగం తిని లేచింది. రేకుపెట్టెలో ఏమున్నాయో నాకు తెలుసు. రెండు చీరలు, నా గౌన్లు, ఇత్తడి చెంబు, దారపు ఉండలు. పెట్టె తలకెత్తుకుని అమ్మ ముందు, నేను వెనక. అవ్వ గడపలో కూర్చుని వక్క కొరుకుతోంది. పోయొస్తామంటే ఇంకో వక్క నోట్లో వేసుకుంది.

రోడ్డు ఇవతల టీ అంగడి. అది ఒక మామది. నిజం వరస కాదు, ఊరందరికీ మామ. అంగడి ముందర మేకల పెద్దమ్మ మేకల్ని మళ్లేసుకుని కూర్చుని ఉంది. తిరుపతికి పోయే బస్సు ఆగేది రోడ్డు అవతల పక్క. మేము దాటి, ఉత్తరం పక్కన రాతి మీద పెట్టె దించాము. అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. పొలిమేర దాటింది కదా.

బస్సు లేదు. నీడ లేదు. అమ్మ కూర్చోదు. రాతి చుట్టూ తిరుగుతుంది, నడుం మీద చెయ్యి పెట్టుకుని చిత్తూరు దిక్కుకు చూస్తుంది, కొంగుతో మెడ తుడుచుకుంటుంది. దూరంగా అమ్మవారి రాయి దగ్గర పలక మొదలైంది. ముందు తూర్పు పొలాలు, తర్వాత గుట్ట కింద దక్షిణం, పడమర, చివరికి రోడ్డు. అది రోడ్డుకు వచ్చేదాకా టైముంది.

"ఏం కోడలా, ఎండలో కవాతు సేస్తా ఉండావు?" అని టీ మామ అవతల నుంచి అరిచాడు. "ఈ పక్కకు వచ్చి కూసో. బస్సొస్తే పిలుస్తా."

"వద్దు మామా. ఈ పక్కకు వస్తే మళ్లీ దాటాల."

"దాని కాళ్లు సూడబ్బా," అంది మేకల పెద్దమ్మ. "నా మేకలే నయం, కట్టేస్తే నిలబడతాయి."

అప్పుడొచ్చింది బస్సు. కానీ తిరుపతికి పోయేది కాదు, తిరుపతి నుంచి వచ్చేది. అవతల పక్క, టీ అంగడి ముందు ఆగింది. అది కదిలి, దుమ్ము కిందికి దిగేసరికి అక్కడ మా నాయన నిలబడి ఉన్నాడు. చంకలో చుట్టిన పరుపు. చేతిలో రేకుపెట్టె.

నాయన మమ్మల్ని చూసి ముఖమంతా నవ్వాడు.

"ఏం మే, నేనొస్తా ఉండానని నీకెవురు సెప్పినారు? రోడ్డు కాడికే వచ్చినావే."

అమ్మ నవ్వలేదు. "పరుపెందుకు తెచ్చినావు?"

"మానేసినా."

"ఏం మానేసినావు?"

"పని. ఇంగ ఆ రోలు మొగము సూడను. ఊర్లోనే ఉంటా. వానలు పడితే చెనక్కాయ ఏస్తా. సెప్తే మీరు వద్దంటారని సెప్పకుండా వచ్చేసినా."

అప్పుడు నవ్వింది అమ్మ. అట్లాంటి నవ్వు నేను మళ్లీ వినలేదు. నవ్వి, నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాతి మీద కూర్చుంది.

"నేను తిరుపతికి పోతా ఉండా," అంది. "గది సూసినా. పాలు పొంగించాల రేపు."

నాయన ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. పెట్టె కింద పెట్టాడు. పరుపు మాత్రం చంకలోనే ఉంది.

"బాగుండాదప్పా సంసారం," అన్నాడు టీ మామ. "ఒగురి పీకులాట ఒగురికి సెప్పుకోకుండానే ఇద్దురూ మూట గట్టినారే."

"నువ్వు గమ్మునుండు మామా," అని నాయన రోడ్డు అంచు దాకా వచ్చాడు. "ఈడికి రా మే. పలక ఇంకా గుట్ట కాడనే ఉండాది. టైముండాది."

"నువ్వే రా. నీ పరుపు ఎట్లాగూ సుట్టే ఉండాది గదా."

"ఆ గోనెసంచుల మింద పండుకోని పండుకోని నా ఈపు సూడు ఎట్లయిందో. ఈ సేతులు సూడు." నాయన రెండు అరచేతులూ మా వైపు తిప్పి పైకెత్తాడు. పిండి నీళ్లలో నాని నాని తెల్లగా పగిలిపోయి ఉండేవి అవి. రోడ్డు అవతల నుంచి పగుళ్లు కనబడవు. మాకు కనబడాల్సిన పనీ లేదు.

అమ్మ కూడా లేచి తన చేతులు ఎత్తింది. "నావి సూసినావా ఎప్పుడన్నా? బావి పగ్గం కోసినవి?"

ఇద్దరూ చేతులెత్తుకుని నిలబడ్డారు. నడుమ ఒక లారీ పోయింది. ఇద్దరి మీదా దుమ్ము కొట్టింది. ఎవరూ చేతులు దించలేదు.

"ఏందబ్బా, దొంగల్ని పోలీసోళ్లు నిలబెట్టినట్టు," అంది మేకల పెద్దమ్మ మెల్లగా. ఎవరూ నవ్వలేదు. ఆమే మళ్లీ అంది. "రోడ్డు నడుమకు పోయి నిలబడి మాట్లాడుకోండి. రోడ్డు గవుర్మెంటుది. అమ్మోరికి దాంతో పని లేదు."

"నడుమ నిలబడచ్చు. నిద్ర సెయ్యనీకి లారీవోడు ఒప్పుకోవద్దా?" అన్నాడు టీ మామ.

పలక పడమటి పొలాల్లోకి వచ్చింది. దెబ్బ దెబ్బకూ గాలి కొట్టుకొచ్చి చెవుల్లో పడుతోంది. నాయన గొంతు తగ్గించాడు. తగ్గించినా వినబడింది.

"పిల్లనన్నా పంపు."

అమ్మ నా చెయ్యి వదిలేసింది. నా వైపు చూడకుండా, "నీ ఇష్టం. యాడికి పోతావో పో," అంది.

నేను కదల్లేదు. అమ్మ మీద ప్రేమతో కాదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నాకు బస్సెక్కాలని ఉంది. నాయన కూడా కావాలి, బూందీ పొడి కూడా కావాలి. ఆయన చేతిలో కాగితం పొట్లం ఉందేమోనని చూశాను. లేదు. పని మానేసినవాడికి బూందీ ఎవరిస్తారు? ఎనిమిదేళ్ల బుద్ధి అది. ఆ వయసు పిల్లను రోడ్డు నడుమ ఏరుకోమంటే అట్లాంటివే ఏరుకుంటుంది.

చిత్తూరు దిక్కున బస్సు కనబడింది. ఎండలో నీళ్లలో తేలినట్టు, వస్తున్నట్టూ రానట్టూ. అదే సమయానికి ఊరి సందులోంచి అవ్వ వచ్చింది. చంకలో గుడ్డమూట. మాకు దారిలో తినడానికి తెచ్చిందనుకున్నాను. కొడుకు పక్కన నిలబడి, అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. పరుపును చూసింది. అవతలున్న మమ్మల్ని చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆమెకు సంగతంతా అర్థమైపోయింది.

"వచ్చినావా నాయనా," అంది. "సంగటి కుండలో ఉండాది. ఊరిబిండి రోట్లోనే ఉండాది, తీసుకో. గొడ్డుకు కుడితి పెట్టు. ఎనుము తన్నుతాది, ఎనక పక్క నిలబడబాకు."

ఆ మాటలన్నీ చెప్పి, రోడ్డు ఎక్కింది.

"అమ్మా, యాడికి?" అన్నాడు నాయన.

అవ్వ రోడ్డు నడుమ ఆగింది. "నీకు ఊరు కావాల. దానికి పట్నం కావాల. నాకేమి కావాలని ఏ పొద్దన్నా అడిగినారా మీరు?"

"నీకేం కావాలమ్మా?"

"ఇబ్బుడు అడుగుతా ఉండాడు," అని మేకల పెద్దమ్మ వైపు తిరిగి చెప్పి, మిగతా సగం రోడ్డు దాటి వచ్చి మా పెట్టె మీద కూర్చుంది. మూట ఒళ్లో పెట్టుకుంది. మూటలో ఆమె చీర, వక్కల సంచి ఉన్నాయి. తిండి లేదు.

మా అవ్వ పెళ్లయి ఆ ఊరికొచ్చినాక ఒక్క చాటింపుకు కూడా పొలిమేర బయట లేదు. ఊరు ఊరంతా ఆ మాట చెప్పుకునేది. అమ్మ ఆమె వైపు చూసింది. "ఎందుకొచ్చినావత్తా?" అని అడిగింది. గొంతులో కోపం ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"తిరుపతి సూద్దామని," అంది అవ్వ. ఆమె అబద్ధాలు ఎప్పుడూ అంత పొట్టిగానే ఉండేవి.

చాటింపు తాత పొలం గట్టు దిగి రోడ్డుకు వచ్చాడు. మెడలో పలక, నడుముకు వేపమండ, ఒళ్లంతా చెమట. దక్షిణం అంచున నిలబడి, పుల్ల ఎత్తి, అవతలున్న అవ్వను చూసి ఆగిపోయాడు.

"ఏం వదినా, ఆ పక్కనుండావు? ఈ పక్కకు రా. కొట్టాల నేను."

"కొట్టప్పా. నీ పని నువ్వు సెయ్యి."

"కొడితే ఇంగ రాకూడదు. తెలుసునా?"

"తెలీకుండానే ఇన్నేండ్లు ఆ పక్కన పండుకుంటినా?"

తాత నాయన వైపు తిరిగాడు. పుల్ల ఎత్తే ఉంది. బస్సు దగ్గరికి వచ్చేసింది, ఇంజను మోత వినబడుతోంది. నాయన తారు అంచున నిలబడ్డాడు. కాలి వేళ్లు తారు మీద, మడమలు మట్టిలో. ఒకసారి మా వైపు చూశాడు. ఒకసారి వెనక్కి తిరిగి గుట్ట వైపు చూశాడు. నేను ఆయన పాదాలనే చూస్తున్నాను. అమ్మ కూడా. వేళ్లు ముడుచుకున్నాయి. అంతే. కదల్లేదు.

"కొట్టు చిన్నాయనా," అన్నాడు.

పలక మోగింది. ఆ మోత ఆగకముందే బస్సు మాకూ ఆయనకూ నడుమ వచ్చి నిలబడింది.

"ఎక్కండమ్మా, ఎక్కండి. మీ ఊరి పంచాయితీ నా బస్సుకెందుకు," అని కండక్టరు పెట్టె లాగేసుకున్నాడు. కిటికీలోంచి చూశాను. నాయన పరుపు కింద పడేసి దాని మీదే కూర్చున్నాడు. టీ మామ ఆయన చేతిలో గ్లాసు పెడుతున్నాడు. బస్సు కదిలినాక అమ్మ తన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. చంద్రగిరి దాటినాక నేను అవ్వ మూట మీద వాంతి చేసుకున్నాను.

బుధవారం పొద్దున పాలు పొంగాయి. గది చిన్నది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. మల్లెలు, మరువం, తడి గోనె, మురుగుకాలువ, అన్నీ కలిసిన వాసన. అమ్మ ఆ రోజే పిన్నమ్మ పక్కన కూర్చుని పూలు కట్టడం మొదలుపెట్టింది. వేళ్లు తప్ప ఒంట్లో ఇంకేదీ కదలకుండా ఆమె కూర్చోవడం నేను చూడడం అదే మొదటిసారి. అవ్వకు మాత్రం కుదురు పోయింది. గదిలో ఆనుకోవడానికి గోడ ఉన్నా అది తన గోడ కాదు. కొళాయి నీళ్లు వాసన అనేది. సాయంత్రమైతే నన్ను తోడు తీసుకుని బస్టాండు దాకా నడిచేది. దిగేవాళ్లను చూసేది, ఎక్కేవాళ్లను చూసేది, "ఈ జనానికి ఇండ్లు లేవా?" అనేది.

జాతర అయిపోయిన మరుసటి పొద్దున్నే నాయన వచ్చాడు. రాగిపిండి, చింతపండు, ఒక సంచి మామిడికాయలు. చిక్కిపోయాడు. "సంగటి ముద్ద కట్టలేదు, గరిటెతో తాగినా," అన్నాడు. అమ్మ అన్నం పెట్టింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు, నన్ను బయటికి తోలేశారు. సాయంత్రం ఆఖరి బస్సుకు ఆయన వెళ్లిపోయాడు. అవ్వ కూడా ఆయనతో పోతుందనుకున్నాను. పోలేదు. కార్తీకం దాటేదాకా ఆ గదిలోనే ఉంది. ఎందుకని నేను అడగలేదు.

తర్వాత మా బతుకు అట్లానే సాగిపోయింది. అమ్మ తిరుపతిలో, నాయన ఊళ్లో. విడిపోయినారని కొందరన్నారు. వాళ్లు విడిపోలేదు. శనివారం శనివారం నాయన వచ్చేవాడు. జాతరకు అమ్మ పోయేది, పొంగలి పెట్టి, చాటింపు లెక్క తప్పకుండా చీకటి పడకముందే రోడ్డు దాటి వచ్చేసేది. మా నాయన తిరుపతిలో మళ్లీ ఒక్క రాత్రి కూడా నిద్ర చెయ్యలేదని మా ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. తర్వాత నాకొక చెల్లెలు పుట్టింది, కాబట్టి ఆ మాట మరీ నమ్మాల్సిన పని లేదు.

ఇద్దరి మధ్య తిరిగింది నేను. ఇక్కడి నుంచి పూలు, అక్కడి నుంచి పిండి. ఊళ్లో బడికి పేరు రాస్తే పట్నంలో ఉండేదాన్ని, పట్నంలో రాస్తే ఊళ్లో ఉండేదాన్ని. అందుకే అక్షరం అబ్బలేదు. అమ్మ తప్పు కాదు, నాయన తప్పు కాదు. పట్నం కావాలన్నవాళ్లకు పట్నం దొరికింది, ఊరు కావాలన్నవాళ్లకు ఊరు దొరికింది. వాళ్లిద్దరూ పోయేదాకా తాము కోరుకున్న చోటే కంటి నిండా నిద్రపోయారు. నాకే ఏ చోటా సగం రాత్రికి మించి పట్టదు. ఆ ప్లాటులో ఇల్లు కడతారట. కట్టనీ. పిల్లలు వాళ్ల నిద్ర వాళ్లు చూసుకోవాలి.

ఆ మంగళవారం రోడ్డు కాడ ఉన్నవాళ్లను చెప్పి ఆపేస్తాను. పేర్లు రాయను. రాస్తే మనవలు, మునిమనవలు కొట్లాటకు వస్తారు. వరసలు చాలు.

దక్షిణం పక్కన టీ అంగడి మామ. మేకల పెద్దమ్మ, ఆమె మేకలు. పుల్ల ఎత్తి నాయన కోసం ఆగిన చాటింపు తాత. పరుపుతో మా నాయన.

నడుమ బస్సు, దాని డ్రైవరు, మా పెట్టె లాక్కున్న కండక్టరు.

ఉత్తరం పక్కన అమ్మ. అమ్మ వదిలేసిన చేత్తో నేను. మా పెట్టె మీద అవ్వ.

ఇంకొకడు కూడా ఉన్నాడు. కార్తీకంలో పుట్టిన మా తమ్ముడు. అమ్మ కడుపులో అప్పటికి మూడో నెల. నాకు తెలీదు. నాయనకు తెలీదు. ఆ ఒక్క మాట రోడ్డుకు అడ్డంగా అరిచి ఉంటే నాయన తారు దాటి వచ్చేసేవాడు. అమ్మ అరవలేదు. అవ్వకు ఎవరూ చెప్పలేదు, సగం ముద్దకే కోడలు లేచిపోవడం చూసింది, చీర మూట కట్టుకుని వచ్చింది.